ఒకరి విహారం, ఒకరి జీవనం

సముద్రంమీద సెలవులు గడపడానికి వెళ్ళేవారు కొందరు. వారిని తీసుకొనిపోయి, తిప్పి, క్షేమంగా ఒడ్డుకు చేర్చేవారు మరికొందరు. ఒకే పడవలో, ఒకే గాలిలో, ఒకే సూర్యాస్తమయాన్ని చూస్తూ ఈ ఇరువురూ వారం పది రోజులు కలిసి గడుపుతారు. మొదటివారికి అది ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్న కల. రెండవవారికి అది కూటికోసం చేసే కొలువు. కరేబియన్ దీవుల నడుమ తెరచాప నౌకలను అద్దెకు నడిపే సరంగుల బ్రతుకు ఈ కలకూ ఈ కొలువుకూ మధ్య సాగుతుంది.

సరంగు అన్న మాట గోదావరి లాంచీలు ఎక్కినవారికి కొత్తది కాదు. పారశీకం నుండి వచ్చిన ఈ మాట, మన రేవులలో బ్రిటిషు ఓడలెక్కిన కళాసీల వెంట దేశదేశాలు తిరిగింది. అద్దె యాట్ నడిపే వ్యక్తిని ఇంగ్లీషువారు స్కిప్పర్ అంటారు గాని, అతడు చేసే పనికి మన సరంగు అన్న పేరే చక్కగా నప్పుతుంది. చుక్కాని పట్టడంతో అతని పని తీరదు. ఇంజను మరమ్మతు చేసేది అతడే. మబ్బును చూసి వాన చెప్పేది అతడే. కుళాయి కారితే బాగుచేసేది అతడే. కడుపులో తిప్పుతున్నదని మూలుగుతున్న అతిథిని డెక్కు మీద కూర్చోబెట్టి, దూరాన ఉన్న దిగంతరేఖను చూడమని ఓదార్చేదీ అతడే.

గాలి వేసిన బాట

పటం తెరిచి చూస్తే దక్షిణ అమెరికా ఉత్తర తీరాన ట్రినిడాడ్ కనిపిస్తుంది. అక్కడినుండి ఉత్తరంగా బయలుదేరి, పోను పోను పడమటికి వంగే చిన్న దీవుల వరుస ఒకటున్నది. గ్రెనడా, గ్రెనడీన్స్, సెయింట్ విన్సెంట్, సెయింట్ లూసియా, మార్టినీక్, డొమినికా, గ్వాడెలూప్, యాంటిగా, చివరకు వర్జిన్ దీవులు. ఈ దీవులకు తూర్పున ఆఫ్రికా వరకూ అంతా అట్లాంటిక్ మహాసముద్రమే. ఆ దిక్కునుండి సంవత్సరంలో అత్యధిక కాలం వ్యాపార పవనాలు వీస్తూ ఉంటాయి. గాలి తూర్పునుండి, ప్రయాణమా, ఉత్తర దక్షిణాలుగా. కాబట్టి పోయేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ కూడ గాలి పడవ పక్కనే తగులుతుంది. తెరచాప నౌకకు ఇంతకు మించిన అనుకూలత లేదు. ఆటుపోట్ల బెడద కూడ తక్కువ. ఖంభాత్ సింధుశాఖలో మనుషులను ముంచెత్తే ఎత్తున వచ్చే పోటు ఇక్కడ అడుగో, అడుగున్నరో ఉంటుంది.

ఇంతటి అనుకూలత ఉన్నా, ఇక్కడ విహారం వ్యాపారంగా మారి ఎంతో కాలం కాలేదు. యాంటిగా దీవిలో ఇంగ్లిష్ హార్బర్ అనే రేవున్నది. తరువాతి కాలంలో ట్రఫాల్గర్ యుద్ధవీరుడైన నెల్సన్, యువ కెప్టెనుగా 1784 నుండి 1787 వరకు అక్కడ పనిచేశాడు. 1889లో బ్రిటిషు నౌకాదళం ఆ రేవును విడిచిపెట్టిన తరువాత గోడలు కూలి, ముళ్ళపొదలు మొలిచాయి. 1949లో వెర్నాన్ నికల్సన్ అనే విశ్రాంత నౌకాదళాధికారి, భార్యా ఇద్దరు కొడుకులతో 'మాలీహాక్' అనే తెరచాప నౌకలో అక్కడికి వచ్చాడు. కొంతకాలం ఆగి పోదామనుకున్న కుటుంబం ఆ శిథిలాల నడుమనే నిలిచిపోయింది. దీవిలో విడిది చేసిన సంపన్నులు తమను కూడ పడవలో తిప్పమని అడిగారు, డబ్బు ఇస్తామన్నారు. ఆ అడిగిన మాటతో ఒక వృత్తి పుట్టింది. ఆ పాత రేవు 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

రెండవ మలుపు 1969లో వచ్చింది. చార్లీ కేరీ, జిన్నీ కేరీ అనే అమెరికన్ దంపతులు బ్రిటిష్ వర్జిన్ దీవులలోని టొర్టోలాలో కొద్దిపాటి పడవలతో 'ది మూరింగ్స్' అనే సంస్థను స్థాపించారు. తెరచాప నడపడం తెలిసినవారికి సరంగు లేకుండానే పడవను అప్పగించడం వారి పద్ధతి. కారును అద్దెకిచ్చినట్లుగా నౌకను అద్దెకివ్వడం అన్నమాట. నడపడం రానివారూ, వచ్చినా బాధ్యత వద్దనుకునేవారూ సరంగును, వంట మనిషిని కూడ కలిపి కుదుర్చుకుంటారు. ఈ ఇద్దరూ తరచుగా భార్యాభర్తలే. ఆయన చుక్కాని, ఆమె వంటగది; లేదా అటుదిటు.

ఈనాడు ఈ వ్యాపారంలో ఎక్కువగా కనిపించేది రెండు పొట్టలుగల కాటమరాన్. ఈ పేరు 'కట్టుమరం' అనే తమిళపు మాట. కోరమాండల్ తీరాన బెస్తవారు దుంగలను తాళ్ళతో బిగించి సముద్రంమీదికి నెట్టిన సాధనమది. మన తీరంలో దానిని తెప్ప అంటారు. లక్షల డాలర్ల విలువ చేసే తెల్లని నౌక ఏ వైభవంతో తేలియాడుతున్నా, దాని పేరు మాత్రం తడిసిన దుంగల వాసన వేస్తూనే ఉంటుంది.

తెల్లవారుజామున మొదలై

సరంగు దినచర్య అతిథులు లేవక మునుపే ఆరంభమవుతుంది. మొదట కళ్ళు పోయేది ఒడ్డువైపు. రాత్రి ఏ చెట్టుకూ ఏ ఇంటి కప్పుకూ సూటిగా గురుతు పెట్టుకొని పడుకున్నాడో, ఆ చెట్టూ ఆ కప్పూ ఇంకా ఒకే వరుసలో ఉన్నాయా? ఉంటే లంగరు కదలలేదు. తరువాత ఇంజను నూనె, బెల్టు, అడుగున చేరిన నీరు, బ్యాటరీలు, మంచినీటి తొట్టి. ఆ తరువాతే కాఫీ.

మంచినీరు పెద్ద చిక్కు. గ్రెనడీన్స్‌లోని చిన్న దీవులలో నదులు లేవు. బెక్వే వంటి చోట్ల ప్రజలు ఇంటికప్పుల మీద పడిన వాన నీటిని తొట్లలో నింపుకొని కాలం వెళ్ళదీస్తారు. ఉప్పునీటిని తియ్యనీరుగా మార్చే యంత్రం పడవలో ఉన్నా, దానికి కరెంటు కావాలి. కరెంటుకు డీజిలు కావాలి. ఇంటిదగ్గర అరగంట షవరు కింద నిలబడే అలవాటున్న అతిథికి ఈ సంగతి నొప్పించకుండా చెప్పడం ఒక విద్య. పడవలో అన్నింటికంటె తరచుగా చెడిపోయేది మరుగుదొడ్డి పంపు. విహారయాత్రల రంగురంగుల ప్రకటనలలో ఎన్నడూ కనిపించని దృశ్యం, చొక్కా విప్పి, మోచేతుల దాకా ఆ పంపులో చేతులు పెట్టి కూర్చున్న సరంగు. అరగంట తరువాత అతడే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, చిరునవ్వుతో పానీయాలు అందిస్తాడు.

ఇక రాజ్యాల సంగతి. గ్రెనడా 1974లో, డొమినికా 1978లో, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ 1979లో, యాంటిగా 1981లో స్వతంత్ర దేశాలయ్యాయి. మార్టినీక్, గ్వాడెలూప్ ఫ్రాన్సులో భాగాలు. కాబట్టి ఉదయం ఒక దేశంలో ఫలహారం చేసి, సాయంకాలం మరొక దేశంలో భోజనం చేయడం ఇక్కడ వింత కాదు. ప్రతి కొత్త దేశంలోనూ ముందుగా పచ్చరంగు జెండా, అనగా పసుపు పచ్చని జెండా, ఎగురవేయాలి. మేము వచ్చాము, ఇంకా అనుమతి పొందలేదు అని దాని అర్థం. సరంగు కాగితాల సంచీ చంకన పెట్టుకొని కస్టమ్స్ కార్యాలయంలో వరుసలో నిలబడతాడు. పని పూర్తి అయిన పిమ్మట పసుపు జెండా దించి, ఆ దేశపు జెండాను మర్యాదగా కుడివైపు ఎగురవేస్తాడు. అతిథులు అప్పటికే నీటిలో ఈదుతూ ఉంటారు.

అతిథులను గురించి సరంగులు గమనించేది ఒకటున్నది. మొదటి రోజున వారు ప్రతి గంటకూ కాలం చూసుకుంటారు. రేపు ఎక్కడ, ఎల్లుండి ఎక్కడ అని అడుగుతారు. మూడవ రోజున ఈ ప్రశ్నలు ఆగుతాయి. అయిదవ రోజున, ఈవేళ ఏ వారమని అడుగుతారు. ఆ ప్రశ్న వినబడితే సరంగుకు తన పని సరిగా సాగుతున్నదని తృప్తి. విడిపోయేనాడు యాత్ర వెలలో పదిహేను ఇరవై శాతం బహుమతిగా ఇచ్చిపోవడం ఆ దీవులలో ఆనవాయితీ. అతని సంపాదనలో అది చిన్న భాగమేమీ కాదు. అందుచేత అతని చిరునవ్వులో స్నేహమెంత, ఆశ యెంత అన్నది అతనికే ఒక్కొక్కప్పుడు తెలియకపోవచ్చు.

నీటి రంగులే అక్షరాలు

పగడపు దిబ్బల నడుమ పడవ నడపడమంటే నీటిని చదవడమే. ముదురు నీలం లోతుకు గురుతు. నీలం పలచబడి ఆకుపచ్చగా మారితే అడుగు దగ్గరపడుతున్నది. లేత ఆకుపచ్చ, దాదాపు తెలుపు అయితే అడుగున ఇసుక. లోతు నిలువెత్తు కూడ ఉండకపోవచ్చు. గోధుమరంగు మరకలు పగడాలవి, అటు పోరాదు. మబ్బు నీడ కూడ నీటిమీద అదే రంగులో కనిపించి మోసగించగలదు. మబ్బు నీడ కదులుతుంది, దిబ్బ కదలదు. అందుకని అనుభవజ్ఞుడు ఆగి, చూసి, మరీ కదులుతాడు.

ఈ చదువుకు సూర్యుడే దీపం. సూర్యుడు నడినెత్తిన గాని, వీపు వెనుక గాని ఉండాలి. ఎదురుగా ఉంటే నీరంతా వెండి రేకులా మెరిసి అడుగును దాచివేస్తుంది. ఆ కారణం చేతనే పగడపు దిబ్బలున్న చోటికి సరంగు పొద్దెక్కిన తరువాత, పొద్దువాలక మునుపు చేరుకోవాలని చూస్తాడు. అతిథి ఎంత వేడుకున్నా చీకటిపడిన తరువాత అక్కడ అడుగు పెట్టడు.

మన తీరాలలో పనిచేసిన నావికుడు అక్కడికి పోతే మరొక జాగ్రత్త నేర్వాలి. రేవులోకి ప్రవేశించేటప్పుడు ఎర్రని తేలుగురుతులను ఎడమవైపు ఉంచుకోవడం మన దేశంలో పద్ధతి. అమెరికా ఖండాలలోనూ, కరేబియన్‌లోనూ ఇది తలక్రిందులు. అక్కడ ఎరుపు కుడివైపు ఉండాలి. ప్రపంచ నావికులు రెండు విధానాలకు ఒప్పుకొని, భూగోళాన్ని రెండు మండలాలుగా పంచుకున్నారు. అలవాటు చొప్పున పోయినవాని పడవ రాళ్ళమీద కూర్చుంటుంది.

డాన్ స్ట్రీట్ అనే అమెరికన్, 1905లో కట్టిన 'యోలేర్' అనే కొయ్య నౌకలో దశాబ్దాలపాటు ఈ నీళ్ళలో తిరిగాడు. అంతకు పూర్వం నావికులకు ఆధారం చాలావరకు పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిషు నౌకాదళం కొలిచి గీసిన పటాలే. స్ట్రీట్ ఏ దిబ్బ ఎక్కడున్నదో, ఏ కొండ ఏ చెట్టుతో ఒకే వరుసలో వస్తే దారి సురక్షితమో వ్రాసి, 1960ల నుండి మార్గదర్శక గ్రంథాలు ప్రచురించాడు. ఉపగ్రహాల సాయంతో చేతిలోని తెరమీద దారి కనిపించే ఈ రోజులలో సైతం, గట్టి సరంగులు కంటిచూపునే చివరి తీర్పుగా భావిస్తారు.

అదే ఎత్తున ధ్రువనక్షత్రం

సెయింట్ విన్సెంట్ రాజధాని కింగ్స్‌టౌన్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 13 డిగ్రీల పైచిలుకు దూరంలో ఉన్నది. చెన్నై కూడ ఇంచుమించు అంతే. కాబట్టి ఆ రేవులో లంగరు వేసుకొని రాత్రి ఉత్తరదిక్కు చూసే నావికునికి ధ్రువనక్షత్రం మెరీనా తీరాన కనిపించే ఎత్తులోనే కనిపిస్తుంది.

ఈ పోలిక వెనుక ఒక చరిత్ర ఉన్నది. బానిసత్వం రద్దయిన పిమ్మట చెరకు తోటల యజమానులు కూలీలకోసం భారతదేశం వైపు చూశారు. మొదటి ఓడలు మార్టినీక్‌కు 1853లో, గ్వాడెలూప్‌కు 1854లో, గ్రెనడాకు 1857లో, సెయింట్ లూసియాకు 1859లో చేరాయి. 1861 జూన్ 1న 'ట్రావన్‌కూర్' అనే ఓడ మద్రాసునుండి కూలీలను తెచ్చి సెయింట్ విన్సెంట్‌లో దించింది. మద్రాసు రేవులో ఇటువంటి ఓడలెక్కిన వారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉండేవారు. ఓడ దక్షిణానికి పోయి, భూమధ్యరేఖ దాటేసరికి ధ్రువనక్షత్రం సముద్రంలో మునిగింది. గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి, అట్లాంటిక్‌లో మళ్ళీ ఉత్తరానికి వచ్చిన తరువాత అది తిరిగి పైకి లేచింది. నెలల తరబడి ప్రయాణం ముగిసిన నాటి రాత్రి అది ఇంటిదగ్గర ఉన్న ఎత్తులోనే నిలిచి ఉండాలి. నేల మారింది, మాట మారింది, ఒప్పందపు కాగితం మీద పేరు కూడ మారిపోయి ఉండవచ్చు. చుక్క మాత్రం మారలేదు. 2007లో ఆ దేశం జూన్ 1వ తేదీని భారతీయుల ఆగమన దినంగా ప్రకటించింది.

సరంగులు అతిథులకు ఇష్టంగా తినిపించే వంటలలో ఆ ప్రయాణపు గురుతులు ఉన్నాయి. పప్పుపొడి కూరిన రొట్టె ఇంగ్లీషు దీవులలో దొరుకుతుంది. ఫ్రెంచి దీవులలో మసాలా పట్టించిన కూరను 'కొలొంబో' అంటారు. అది తమిళుల 'కుళంబు' అని పలువురి అభిప్రాయం. చిన్న పడవలలో తెడ్లు వేసుకుంటూ వచ్చి అమ్మే మామిడిపళ్ళ జాతి కూడ మన దేశంనుండి పోయినదే.

ఆ చిన్న పడవల వారిని గూర్చి ఒక మాట చెప్పాలి. యాట్ రేవులోకి రాగానే వారు చుట్టుముడతారు. లంగరు తాడు అందుకుంటామంటారు. రొట్టె, చేప, పండ్లు అమ్ముతామంటారు. కొత్తవారికి ఇది చికాకు. ఎరిగిన సరంగు వారిని పేరుపేరునా పలకరిస్తాడు. ఒక్క నావలో పదిమంది సుఖంగా గడిపే వారానికి అయ్యే ఖర్చు, ఆ తెడ్డు వేసేవాని సంవత్సరపు రాబడిని మించవచ్చునని అతనికి తెలుసు. డొమినికాలోని పోర్ట్స్‌మౌత్ రేవులో ఇటువంటివారంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పడవలకు కాపలా కాస్తారు; తేలుకట్లు వేసి అద్దె తీసుకుంటారు; యాత్రికులను ఇండియన్ రివర్ అనే నదిపై తెడ్లు వేసుకుంటూ తీసుకుపోతారు. బ్రతిమాలి అమ్ముకునేవారు ఆతిథ్యమిచ్చేవారుగా మారడానికి ఒక సంఘం చాలింది.

అడుగున జరుగుతున్నది

ఇరవై ముప్పది ఏళ్ళు ఒకే నీళ్ళలో తిరిగిన సరంగుకు నీటిపైన మార్పు అంతగా కనిపించదు. కొండలవే, గాలి అదే. నోటికి గొట్టం తగిలించుకొని తల ముంచితే మార్పు తెలుస్తుంది. 1983లో ఒక అంతుతెలియని వ్యాధి సోకి, ఏడాది తిరిగేలోగా నల్లని ముళ్ళ సముద్రపు ఉర్చిన్‌లు కరేబియన్ అంతటా నూటికి తొంభైకి పైగా చనిపోయాయి. పగడాలమీద పెరిగే నాచును మేసి శుభ్రంచేసేవి అవే. అవి పోవడంతో నాచు పెరిగి పగడాలను కమ్మింది. కోలుకుంటున్న ఉర్చిన్‌లను 2022లో మరల వ్యాధి కబళించింది. 2014లో ఫ్లారిడా తీరాన కనిపించిన మరొక వ్యాధి రాతి పగడాలను కొరుక్కుతింటూ దీవులకు ప్రాకింది. 2023 నాటి వేడికి సముద్రమే కాగి, పగడాలు పాలిపోయాయి.

మన సముద్రాలకు సొంతమైన సింహచేప అక్కడ శత్రువుగా మారింది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల ఈ అందమైన చేప 1985లో ఫ్లారిడా వద్ద కనిపించి, తరువాతి దశాబ్దాలలో దీవులన్నిటా వ్యాపించింది. దానిని తినే జీవి అక్కడ లేకపోవడంతో అది చిన్న చేపలను ఇష్టం వచ్చినట్లు మ్రింగుతుంది. సరంగులు ఈటెతో పొడిచి, విషపు ముళ్ళు జాగ్రత్తగా కోసివేసి, వేయించి అతిథులకు వడ్డిస్తారు. 2011 నుండి మరొక అతిథి వస్తున్నది: సర్గాసమ్ అనే గోధుమరంగు తేలు నాచు. చాపలు పరచినట్లు తేలివచ్చి రేవులలో కుళ్ళి, కుళ్ళిన గుడ్ల వాసనతో ఊళ్ళను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఇంజనుకు నీరు పోయే గొట్టాలలో ఇరుక్కుంటుంది.

వీటన్నింటికి సరంగు కారణం కాడు. అయితే ఒక నేరంలో అతనికీ భాగమున్నది. లంగరు గొలుసు గాలివాటున అటూ ఇటూ ఊగినప్పుడు అడుగున ఉన్న సముద్రపు గడ్డిని చక్రంలా గొరిగివేస్తుంది. తాబేళ్ళు మేసే మేత ఆ గడ్డే. పగడం మీద పడిన లంగరు ఎన్నో ఏళ్ళ పెరుగుదలను ఒక్క క్షణంలో విరగగొడుతుంది. పదిమంది వచ్చే చోట ఇది పట్టించుకోదగినది కాదు; వేలమంది వచ్చే చోట ఇదే వినాశనం. అందుచేతనే సెయింట్ లూసియాలోని జంట పిటన్ శిఖరాల క్రింద లంగరు వేయడం నిషేధించి, స్థిరమైన తేలుకట్లు ఏర్పాటుచేశారు. గ్రెనడీన్స్‌లోని టొబాగో కేస్ అనే జనంలేని అయిదు దీవులను 1997లో సముద్ర ఉద్యానవనంగా ప్రకటించారు. అక్కడ రుసుము చెల్లించవలసి వచ్చినప్పుడు కొందరు అతిథులు, సముద్రం ఎవరి సొత్తు అని అడుగుతారు. మంచి సరంగు వాదించడు. అతిథిని నీటిలోకి దించి, గడ్డి మేస్తున్న తాబేలును చూపిస్తాడు.

మార్గం లేని రోజు

ఈ వృత్తిలో ఆరు నెలలు పంట, ఆరు నెలలు భయం. జూన్ మొదలు నవంబరు చివరి వరకు హరికేన్ల కాలం. ఆ రోజులలో పడవలు ఉత్తరానికి గాని, దక్షిణాన గ్రెనడాకు గాని పోవాలని భీమా సంస్థలు కోరేవి. 12 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్న గ్రెనడాకు తుఫాను రాదని ఒక నమ్మకం ఉండేది. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ ఆ నమ్మకాన్ని, దానితోపాటు ఆ దీవిలోని ఇళ్ళ కప్పులలో అత్యధిక భాగాన్ని ఎగరగొట్టింది.

2017 సెప్టెంబరు 6న ఇర్మా గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగపు గాలితో బ్రిటిష్ వర్జిన్ దీవులమీదికి వచ్చింది. టొర్టోలాలోని పరాకిటా బే మడ చెట్ల నడుమ దాగిన లోతట్టు రేవు. తుఫానులకు అదే దాపు అని అద్దె యాట్లను వందల సంఖ్యలో అక్కడ వరుసలుగా కట్టిపెట్టారు. తెల్లవారి చూసేసరికి అవి ఒకదానిమీద ఒకటి బొమ్మలవలె గుట్టపడి ఉన్నాయి. 2024 జూలై 1న బెరిల్ కారియకూ దీవిని, సమీపంలోని యూనియన్ దీవిని నేలమట్టం చేసింది. కారియకూలోని టిరెల్ బే మడ అడవిలోనికి చొచ్చుకొనిపోయి, చెట్ల వేళ్ళకు మోకులతో కట్టుకున్న పడవలు కూడ అనేకం దక్కలేదు. ఆ మరునాడు బెరిల్ అయిదవ శ్రేణికి చేరింది. అట్లాంటిక్‌లో ఏ సంవత్సరంలోనూ ఇంత ముందుగా అంతటి తుఫాను నమోదు కాలేదు.

కారియకూకు మరొక ప్రత్యేకత ఉన్నది. అక్కడి విండ్‌వర్డ్ గ్రామంలో తరతరాలుగా సముద్రపు ఒడ్డునే, తాటాకు నీడన, కంటి అంచనాతో కొయ్య పడవలు కడతారు. ఈ విద్యను యునెస్కో 2023లో మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఆ గౌరవం లభించిన మరుసటి వేసవిలోనే బెరిల్ వచ్చింది. ఆంధ్ర తీరాన 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను ఎరిగినవారికి ఇటువంటి తెల్లవారు ఎట్లుంటుందో వేరే చెప్పనక్కరలేదు. కనుచూపు మేర దాకా నిన్నటి జీవితం చెల్లాచెదురై ఉంటుంది. గాలి మాత్రం ఏమీ ఎరుగనట్లు మంద్రంగా వీస్తుంది.

అటువంటి తెల్లవారు జామున అద్దె సరంగు ఎవరో తెలిసిపోతుంది. పాస్‌పోర్టు ఉన్నది, విమానమెక్కి పోగలడు. పడవ అతనిది కాదు. దానికి భీమా ఉన్నది. ఆ దీవివాసికి కప్పు లేదు, పడవ లేదు, పోవడానికి మరొక చోటు లేదు. ఇర్మా తరువాతా, బెరిల్ తరువాతా కూడ అక్షతంగా మిగిలిన యాట్లు పొరుగు దీవులనుండి మంచినీళ్ళు, తార్పాలిన్లు, మేకులు, బియ్యం నింపుకొని ఆ రేవులకు పోయాయి. నిన్నటివరకు పానీయాలు చల్లబరిచిన పెట్టెలలో మందులు వెళ్ళాయి. తన వద్ద తాడు అందుకుని రొట్టె అమ్మినవాని ఇంటికి కప్పు వేయడానికి నిచ్చెన పట్టుకున్న సరంగులు ఉన్నారు. పోయి, మళ్ళీ సీజను మొదలయ్యేదాకా తిరిగి చూడనివారూ ఉన్నారు.

ఉష్ణమండలపు దీవిని స్వర్గమని వర్ణించడం ప్రకటనలు వ్రాసేవారికి అలవాటు. సరంగు ఆ మాటను రోజుకు పదిసార్లు వింటాడు. చిరునవ్వుతో తల ఊపుతాడు. స్వర్గంలో మంచినీళ్ళ తొట్టి ఎండిపోదు. స్వర్గంలో కప్పులు ఎగిరిపోవు. అతడు ఎరిగినది మనుషులు కష్టపడి బ్రతికే ఒక ఊరు. అతిథి తన వారం గడిపి, ఎండకు కమిలిన ముఖంతో, కొన్ని ఫోటోలతో ఇంటికి పోతాడు. లంగరు పైకి లాగేటప్పుడు దానికి గడ్డి అంటుకొన్నదా, ఇసుక అంటుకొన్నదా అని సరంగు వంగి చూస్తాడు. ఇసుక అయితే, ఆ నీటికి తనవల్ల ఈసారి కీడు జరగలేదని ఊరట పొంది, తెరచాప ఎత్తుతాడు.